రెక్క ఉన్నవాళ్లు అనర్హులు

ఓబులక్క చేనులో పడి ఉన్నది చెత్త కాదని సర్క్యులర్ వచ్చాకే మాకు తెలిసింది. అంతవరకూ ఊరంతా దాన్ని చెత్త అనే అనుకుంది. గ్రామ సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే నేను కూడా అలాగే అనుకున్నాను.

అది గాలిమర రెక్క. మా ఊరి వెనక గుట్ట మీద గాలిమరలు వరసగా నిలబడి తిరుగుతుంటాయి. ఊళ్లో వాటిని ఫ్యాన్లంటారు. కిందటేడు ఎండాకాలంలో ఒక ఫ్యాను రెక్క చీలింది. కంపెనీవాళ్లు కొత్త రెక్క బిగించి, పాతదాన్ని క్రేనుతో దించి, బాట పక్కనే ఉందని ఓబులక్క చేనులో పెట్టారు.

"పది దినాలమ్మా. లారీ వస్తానే ఎత్తకపోతాం," అన్నాడు సూపర్‌వైజరు.

ఎండాకాలం చేను ఖాళీగానే ఉంటుంది. పైగా అతను ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, చెంబు కడిగి మరీ ఇచ్చాడు. చెంబు కడిగే మనిషి మాట తప్పడని ఓబులక్క సరేనంది.

లారీ రాలేదు. వాన వచ్చింది.

ఓబులక్కది రెండెకరాల చేను. పొడుగ్గా, సన్నగా, గుట్టదాకా పోతుంది. రెక్క సరిగ్గా దాని నడుము మీద అడ్డంగా పడుకుంది. ఇవతలున్న ట్రాక్టరు అవతలికి పోదు. ఆ ఏడు ఆమె బాట పక్క కాస్త జాగాలో శెనక్కాయ వేసింది. దాన్ని పందులు తిన్నాయి. మిగతాదంతా బీడు. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె బతుకు ఆ చేనుమీదే. రెండో ఏడు కూడా బీడు పడితే గరిక వేరు కిందికి దిగుతుంది. గరిక దిగిన చేనును మళ్లీ చేను చేయడం ఒంటి మనిషి వల్ల కాదు. అందుకే ఆమె పొద్దున్నే సచివాలయం తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది.

"ఎప్పుడు తీస్తారంట పాపా?"

నేను సూపర్‌వైజరుకు ఫోన్ చేసేదాన్ని. అతను ప్రతిసారీ ఓపిగ్గా చెప్పేవాడు. రెక్కను గాజు దారాలు, జిగురు కలిపి చేస్తారట. ఒకసారి గట్టిపడ్డాక, కాలిన ఇటుక మళ్లీ మట్టి కానట్టే, అది మళ్లీ కరగదు. పూడ్చకూడదు, నిబంధన ఒప్పుకోదు. కాల్చకూడదు, పొగ విషం. ఎక్కడో సిమెంటు ఫ్యాక్టరీలో కొలిమిలో వేసుకుంటారుగానీ, వేసుకున్నందుకు వాళ్లకే మనం ఎదురివ్వాలి. అక్కడికి చేర్చే ఖర్చు వేరే. పైగా క్రేన్లు ఖాళీ లేవు.

"అందుకని మా బుక్కుల్లోంచి కొట్టేసినాం మేడం. ఇప్పుడది మా దగ్గర లేదు."

"చేనులో ఉంది కదండీ."

"బుక్కుల్లో లేనిది చేనులో ఉంటే మేమేం చేస్తాం మేడం?"

ఆ మాట ఓబులక్కకు చెప్పాను. ఆమె "అయితే ఆ బుక్కు తెచ్చి నా చేన్లో పెట్టి, ఈ రెక్కను ఆయప్ప ఆఫీసులో పెట్టుకోమను," అంది.

పాత సామాన్ల దస్తగిరి మోపెడ్ మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుని తిరుగుతాడు. వాటిని మేం ఎర్రగడ్డలంటాం. పాత ఇనుము, విరిగిన బిందెలు తీసుకుని ఎర్రగడ్డలు ఇస్తాడు. ఆమె అతన్ని చేనుకు పిలుచుకుపోయింది. రెక్క పొడుగు చూడగానే దస్తగిరి మోపెడ్ దిగాడు. ఒక రాయి తీసుకుని కొట్టి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. మళ్లీ మోపెడ్ ఎక్కాడు.

"ఏమప్పా, ఎన్ని ఎర్రగడ్డలిస్తావు?"

"దీనికి నువ్వే నాకియ్యల్ల ఓబులక్కా. బుట్టెడు గాదు, లారీడు."

అప్పుడు వచ్చింది సర్క్యులర్. జిల్లాలో వాడకం ముగిసిన గాలిమర రెక్కలను ఇకపై చెత్త అనరాదు. అవి 'విశ్రాంత వనరులు'.

వెనకే పరాంకుశం గారు వచ్చారు. వినూత్న పదార్థాల పునర్వినియోగ విభాగంలో సహాయ సంచాలకులు. ఆయన వెంట చల్లగా నవ్వే కన్సల్టెంట్ కుర్రాడొకడు, పేరు నిఖిలేష్. పరాంకుశం గారు రెక్క చుట్టూ ప్రదక్షిణంగా నడిచారు. చెప్పులు మాత్రం విడవలేదు.

"అమ్మా, నీ చేనులో ఏముందో నీకు తెలుసునా?"

"ఫ్యాను రెక్క సామీ."

"కాదు. వలయ ఆర్థిక వ్యవస్థ ఉంది."

ఓబులక్క నావైపు చూసింది. నేను ట్యాబ్ వైపు చూశాను.

నిఖిలేష్ లెక్క చెప్పాడు. ఇందులో ఇంత బరువు గాజుపీచు ఉంది. బజారులో పీచు ధర ఇంత. హెచ్చిస్తే వచ్చినదే రెక్క విలువ. అది మా పంచాయతీ ఏడాది ఆదాయం కన్నా చాలా ఎక్కువ. రెక్కలోంచి ఆ పీచును బయటికి తీయడానికి ఎంత అవుతుందని నేను అడిగాను. అది అడగవలసిన ప్రశ్న కాదని నాకు అప్పుడు తెలియదు.

"ఖర్చు వేరే ఫైలమ్మా," అన్నారు పరాంకుశం గారు. "విలువ మా సెక్షన్. ఖర్చు పక్క సెక్షన్. రెండు ఫైళ్లూ ఒక బల్ల మీద పెట్టే పద్ధతి మన శాఖలో లేదు."

"మరి యాడ పెడతారు సామీ?" అంది ఓబులక్క.

"ఒకటి పైన, ఒకటి కింద. అసలు విషయం విను. ఇంత విలువైన వనరును ఇలా బయట వదిలేయడం నేరం. రేపు ఏ నాగలి మొనో తగిలి గీత పడితే విలువ తరుగుతుంది."

అందుకని రెక్క చుట్టూ మేకులు కొట్టి, ఎర్ర తాడు కట్టించారు. తాడు లోపలికి నాగలి, గొర్రు, గుంటక, పశువు రాకూడదు. అంతవరకూ రెక్కా, దాని అవతలి చేనూ పోతే, తాడు కట్టాక ఇవతల కూడా ఇంకొంత పోయింది. ఓబులక్క మేకల్లో ఒకటి ఆ తాడు కొరికింది. దానికి హెచ్చరిక జారీ అయింది. మేకకు చదువు రాదు కాబట్టి దాన్ని నేనే చదివి వినిపించాను. ఓబులక్క, మేక ఇద్దరూ విన్నారు.

తర్వాత పైలట్ ప్రాజెక్టు. రెక్క కొసను ఒక మనిషి పొడుగున కోశారు. కోసేవాళ్లు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. తెల్లని పొడి లేచి గాలివాటున పోయి, గట్టున నిలబడి చూస్తున్నవాళ్ల మీద పడింది. ఆ వారం ఊళ్లో అందరూ గోక్కున్నారు. కొందరు గజ్జి అనుకుని వేపాకు నూరి పూసుకున్నారు. కొస లారీలో పట్నం పోయింది. అక్కడ దాన్ని దంచి, పొడి చేసి, అచ్చులో పోసి, ఒక బల్ల చేసి తెచ్చారు. మండలాఫీసు ముందర వేసి రిబ్బన్ కట్టారు. మా సచివాలయం నుంచి నన్ను పూలబుట్ట పట్టుకోవడానికి పిలిచారు. ఓబులక్క కూడా వచ్చింది. తన రెక్క ఎట్లా ఉందో చూసుకుందామని.

"ఈ బల్లలో పాత రెక్క ఎంత ఉందండీ?" అని నిఖిలేష్‌ను అడిగాను.

"కొంచెం ఉంది. పాత పీచుకు బలం ఉండదు కదా. కొత్త పీచు కలిపాం, కొత్త రెసిన్ కలిపాం."

"మరి అంతా కొత్తదే వేస్తే పోయేది కదండీ."

పరాంకుశం గారు కల్పించుకున్నారు. "అమ్మా, మీ ఇంట్లో పెరుగు తోడు పెడతారా?"

"పెడతామండీ."

"పాలెన్ని, తోడెంత? తోడు చుక్కే. అయినా గిన్నెడూ పెరుగే అంటాం కదా? ఇదీ అంతే. రెక్క చుక్క. బల్లంతా పునర్వినియోగం."

"ఈ బల్ల ఎంత పడింది సామీ?" అంది వెనక నుంచి ఓబులక్క.

"దీనికి ధర కట్టకూడదమ్మా. అమూల్యం."

పరాంకుశం గారు, ఇంకో ముగ్గురు పెద్దలు బల్ల మీద కూర్చున్నారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. మొదటాయన మాట్లాడుతుండగా కూర్చున్నవాళ్లు కొంచెం కదిలారు. రెండో ఆయన తన వంతు రాకముందే లేచి నిలబడ్డాడు. మూడో ఆయనకు మాట్లాడే వంతు అసలు లేదు, ఆయనా నిలబడ్డాడు. చివరికి పరాంకుశం గారు ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుని, చాలా తొందరగా ముగించారు. మర్నాడు విభాగం పంపిన నివేదికలో, ఈ ప్రయోగాన్ని పెద్దలు లేచి నిలబడి అభినందించారని ఉంది. అందులో అబద్ధం ఏమీ లేదు. తర్వాత బల్ల చుట్టూ కూడా ఎర్ర తాడు కట్టారు. 'దయచేసి కూర్చోరాదు' అని బోర్డు పెట్టారు.

ఓబులక్క దారిలో ఒక్క మాటే అంది. "కొస పాయె. మొద్దు మిగిలె. ఆరుద్ర కార్తె వస్తాంది పాపా, ఇత్తనమేసే పొద్దు."

ఇంతలో నిఖిలేష్ ఒక గొప్ప విషయం కనిపెట్టాడు. రెక్కల పునర్వినియోగంలో అసలు నష్టమంతా రవాణాలోనూ, కోతలోనూ, దంచడంలోనూ ఉంది. ఈ మూడూ తీసేస్తే నష్టం ఉండదు. అంటే రెక్కను ఎక్కడికీ తీసుకుపోకుండా, కోయకుండా, దంచకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే పునర్వినియోగం చేయాలి. ఈ సూత్రం మీద కొత్త పథకం వచ్చింది. పేరు 'చేనుకో రెక్క'. చిన్న రైతులకు ఒక్కొక్కరికి ఒక రెక్క ఉచితం. చేనులో పడుకోబెట్టుకుంటే గాలికి అడ్డం, ఎండకు నీడ, పిట్టలకు ఆశ్రయం అని కరపత్రంలో బొమ్మలు వేశారు. పంపిణీ ఖర్చు కంపెనీవాళ్లే సంతోషంగా భరిస్తామన్నారు. వాళ్ల యార్డు నిండా రెక్కలే. సిమెంటు కొలిమికి ఎదురిచ్చేదానికన్నా మా చేలకు తోలడం వాళ్లకు చాలా చౌక.

కరపత్రాలు పంచిన మర్నాడు నేను తాళం తీసేసరికి సచివాలయం ముందర వరస ఉంది.

"మ్మే పాపా, నా పేరు రాసుకున్యావా?" అని ఓబులక్క పక్క చేను ఎర్రిస్వామి అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"రెక్కతో ఏం చేస్తావు మామా?"

"ఏం చేసేదేముంది? స్కీము వచ్చినప్పుడు వద్దనగూడదు. ఈపొద్దు రెక్క వద్దంటే రేప్పొద్దున ఇల్లు ఇచ్చేటప్పుడు, ఈయప్ప ఏదొచ్చినా వద్దంటాడని పేరు తీసేస్తారు."

వరసలో అందరూ అవునన్నారు. ఒకాయనకు ఎకరం కన్నా తక్కువ ఉంది. సగం రెక్క ఇస్తారా అని అడిగాడు. ఇంకొకాయన పోయినసారి స్ప్రేయరు తమ్ముడికి వచ్చింది కాబట్టి ఈసారి రెక్క తనకే రావాలన్నాడు. ఓబులక్క మెట్ల మీద తన చోట్లో తాను కూర్చుని వింటోంది.

"నీకేమక్కా, పుట్టుక మంచిది. అందరికన్నా ముందే వచ్చె నీకు," అన్నాడు ఎర్రిస్వామి.

"నాదే ఎత్తకపో నాయనా. ఇప్పుడే పో."

"అట్లెట్ల? పేరు మీద రావల్ల గదా."

పథకం వివరాలు చదివినప్పుడు నాకు ఓబులక్క గురించి భయం వేసింది. రెక్క చేనులో ఉంటే ఇక అది అడ్డం కాదు, లబ్ధి. ప్రభుత్వం ఇచ్చిన లబ్ధిని తీసేయమని ఎవరిని అడుగుతాం? ఆమెకు చెప్పలేక చెప్పాను. ఆమె గుట్టవైపు తిరిగింది.

"ఇత్తనం కాయలు ఒలిచి పెట్టుకున్యా," అంది. "గుట్ట మీద మబ్బు గూడా కడతాంది."

ఆరుద్ర కార్తెలోనే పరాంకుశం గారు అర్హుల పరిశీలనకు వచ్చారు. చేను చేనుకూ వెళ్లి, రైతును నిలబెట్టి, ప్రశ్నలు అడిగి, నాతో ట్యాబ్‌లో నొక్కించారు. ఓబులక్క చేనుకు వచ్చేసరికి గాలి నిలిచిపోయింది. గుట్ట మీద ఫ్యాన్లు ఆగిపోయాయి. వాటి వెనక మబ్బు నల్లగా ఉంది. పరాంకుశం గారు రెక్క నీడలో నిలబడ్డారు. చెమట తుడుచుకుంటూ రెక్క మీద చెయ్యి ఆనించబోయి, బల్ల గుర్తొచ్చి, తీసేసుకున్నారు.

"చిన్న రైతా?"

"రెండెకరాలు సామీ."

"పాసుబుక్కు?"

"ఉండాది."

"ఇదివరకే రెక్క కలదా?"

అందరం రెక్క వైపు చూశాం. గట్టు మీద నుంచి ఎర్రిస్వామి లేదను, లేదను అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. పంపిణీ కంపెనీది కాబట్టి మా వెంట వచ్చిన సూపర్‌వైజరు కూడా కళ్లతో అదే చెప్పాడు. బుక్కుల్లో లేదు కాబట్టి అతని ప్రకారం అది నిజమే. లేదని చెబితే ఓబులక్కకు ఇంకో రెక్క వస్తుంది.

"కండ్లెదురుగా పెట్టుకోని లేదని ఎట్ల చెప్పేది సామీ? ఉంది."

"ఉంది," అని పరాంకుశం గారు నావైపు తిరిగారు. నేను 'ఉంది' నొక్కాను. ట్యాబ్ కాసేపు ఆలోచించింది. ఎర్రగా మారింది.

"అనర్హురాలు," చదివాను.

"ఏం నిబంధన?"

"రెక్క ఉన్నవాళ్లు రెక్కకు అనర్హులండీ."

"న్యాయమే. ఒకే కుటుంబానికి రెండు లబ్ధులు కూడవు. కింద ఇంకేదో ఉంది, చదువు."

"అనర్హుల వద్ద లబ్ధి ఉన్నట్టు తేలితే తక్షణమే రికవరీ చేయవలెను."

పరాంకుశం గారి వీపు నిటారైంది. ఆయన మేం అంతవరకూ చూసిన పరాంకుశం గారు కారు. రెక్కను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, "ఎన్నాళ్లుగా అనుభవిస్తున్నావమ్మా దీన్ని?" అని అడిగారు.

"పోయినేడు ఎండాకాలం నుంచీ."

"ఏ అర్హతా లేకుండా!"

"ఏ అర్హతా లేదు సామీ," అంది ఓబులక్క.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఏడాది నుంచీ దీన్ని తీయడానికి క్రేను లేదనే కదా సార్ మనం..."

"అది తొలగింపు. తొలగింపుకు పద్దు లేదు. ఇది రికవరీ. దీనికి పద్దుంది, క్రేనుంది, బందోబస్తుంది. అనర్హుల చేతిలోంచి తీసుకోవడంలో మా శాఖ ఏనాడూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదయ్యా."

నిజంగానే చేయలేదు. మర్నాడు పొద్దున్నే రెండు క్రేన్లు వచ్చాయి. పొడుగాటి లారీ వచ్చింది. వీడియో తీసే మనిషి, ఒక కానిస్టేబులు వచ్చారు. కంపెనీ యార్డులో ఏడాదిగా ఖాళీ లేని క్రేన్లు అవే. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఓబులక్క ఒలిచిన విత్తనాల మూట పక్కన పెట్టుకుని చేను మొదట్లో నిలబడింది. ఆమె వెనక బాట మీద ఎర్రిస్వామి ట్రాక్టరు, దానికి గొర్రు కట్టి ఉంది.

"రికవరీకి అడ్డం పడితే కేసవుతుందమ్మా," అన్నాడు కానిస్టేబులు.

"నేనా? అడ్డమా?" ఓబులక్క చేను వదిలి బాట మీదికి వచ్చింది. "ఇంగా జరగల్లనా నాయనా? చెప్పు, జరుగుతా."

క్రేన్లు రెక్కను లేపాయి. దాని కింద చేను పొడుగునా పాలిపోయిన చార. తేళ్లు పరుగెత్తాయి. కొలతలు తీసేవాడు టేపు లాగి, రెక్క పొట్టిగా ఉందన్నాడు. కానిస్టేబులు నోట్ చేసుకుంటూ, "కొస ఏదమ్మా? అమ్ముకున్నావా?" అని అడిగాడు.

"మండలాఫీసు ముందర బల్లయింది సామీ. పోయి కూర్చో. నిజమో కాదో నీకే తెలుస్తాది."

లారీ కదిలింది. పరాంకుశం గారు విలేకరులతో, అనర్హుల చెర నుంచి విలువైన వనరును విడిపించామన్నారు. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే మొదటి చినుకు పడింది. మైకు మీద చీర కొంగు కప్పమని నాకు చెప్పారు. నేను చున్నీ వేసుకున్నానని చెప్పాను. అందరూ జీపుల్లోకి పరుగెత్తారు.

ఆ వాన సాయంత్రందాకా కురిసింది. తెల్లారి పదునెక్కిన చేనులో ఎర్రిస్వామి గొర్రు బాట నుంచి గుట్టదాకా ఎక్కడా ఆగకుండా పోయింది. ఓబులక్క గొర్రు వెనక విత్తనం వదులుతూ నడిచింది. చార ఉన్న చోట మాత్రం ఒక గుప్పెడు ఎక్కువ వదిలింది. బాడుగ ఎంతని అడిగితే ఎర్రిస్వామి తీసుకోలేదు. అతని మనసు అక్కడ లేదు. అతనికి రెక్క మంజూరైంది. అది వచ్చేవారం అతని చేనులో దిగుతుంది.

రికవరీ చేసిన వస్తువును రికవరీ నివేదిక ఏ కార్యాలయం పంపితే ఆ కార్యాలయ ఆవరణలో భద్రపరచాలని నిబంధన. నివేదిక పంపింది నేను. అందుకని రెక్క ఇప్పుడు మా సచివాలయం ముందర ఉంది. తలుపుకు అడ్డంగా. మేం వెనక కిటికీ ఊచ ఒకటి తీసేసి లోపలికి పోతున్నాం. జనం కూడా వెనక్కి వచ్చి కిటికీలోంచే మాట్లాడతారు. రాలేని ముసలివాళ్లు రావడం మానేశారు. దాంతో ఫిర్యాదులు తగ్గిన సచివాలయంగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని కూడా కిటికీలోంచే అందుకున్నాను.

శెనక్కాయ పీకే రోజుల్లో ఓబులక్క కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగులో ఏదో మూట కట్టుకుని ఉంది.

"ఎప్పుడు తీస్తారంట పాపా?" అని అడిగింది. అడిగి నవ్వింది.

"ఏం తెలీదు పెద్దమ్మా."

"నువ్వు గూడా రెక్క గావల్లని అప్లయి చెయ్యి. ఉందా అంటే ఉందను. మర్నాడే ఎత్తకపోతారు."

"చేశాను పెద్దమ్మా. సచివాలయానికి భూమి లేదు, అప్లయి చేసే అర్హతే లేదన్నారు. అర్హత ఉండి అడిగితేనే కదా అనర్హులమయ్యేది."

ఆమె కిటికీ ఊచ పట్టుకుని, నా వెనక తలుపుకు అడ్డంగా కనిపిస్తున్న రెక్కకేసి, మళ్లీ నాకేసి చూసింది.

"ఈ తూరి ఏ స్కీము వచ్చినా నన్ను మాత్రం అనర్హుల్లోనే రాసుకో పాపా. నాకు అదే కలిసొచ్చింది," అంది. కొంగు విప్పి, ఊచ లేని సందులోంచి నా కంప్యూటర్ పక్కన పచ్చి శెనక్కాయలు పోసింది. వాటికి ఇంకా చేను మన్ను అంటుకునే ఉంది.